స్కూబా డైవింగ్‌కి వెళ్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

అండమాన్, గోవా, విశాఖ రుషికొండ... సెలవులొస్తే మన యువత స్కూబా డైవింగ్‌కి వెళ్తున్నారు. ఒక్కో చోట ఒక్కో రేటు. తక్కువ రేటంటే మోసమని కాదు. కానీ పడవ, డీజిల్ ఖర్చు తగ్గించడం కష్టం. కోత పడితే ముందు మెయింటెనెన్స్‌కే పడుతుంది. అది కస్టమర్‌కి కనిపించదు.

సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, సుమారు 200 బార్ ఒత్తిడితో నింపిన మామూలు గాలి. కంప్రెషర్ దగ్గర ఇంజిన్ పొగ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కూడా అందులో చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. ఆ ఒత్తిడిని తగ్గించి నోటికి గాలి అందించేది రెగ్యులేటర్. డైవ్ అయ్యాక మంచినీళ్లతో కడగకపోతే ఉప్పు పేరుకుని లోపలి భాగాలు పాడవుతాయి.

అందుకే మొహమాటపడకుండా అడగండి:

• సిలిండర్‌పై చెక్కిన టెస్ట్ తేదీ ఏది?
• రెగ్యులేటర్ చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేయించారు?
• ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని చూసుకుంటారు?
• పడవలో అత్యవసర ఆక్సిజన్ కిట్ ఉందా?

ఆస్తమా, గుండె జబ్బు ఉంటే దాచొద్దు, ముందే డాక్టర్‌ని కలవండి.

నీళ్లలో ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు అవుతుంది, బిగబడితే అవి చిట్లే ప్రమాదం ఉంది. ఈ మాట చెప్పకుండా నీళ్లలోకి దించేవాళ్ల దగ్గర దిగొద్దు.

చివరి రోజు డైవ్ చేసి అదే సాయంత్రం హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కడమూ ప్రమాదమే. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు ఆగాలి. టికెట్ బుక్ చేసేటప్పుడే ఈ లెక్క వేసుకోండి.