గాలికి దారి

తెలుగునాట పాతకాలపు ఇళ్లలో వీధి వాకిలికి ఎదురుగా పెరటి తలుపు ఉండడం పలుచోట్ల కనిపిస్తుంది. ముందు నుండి ప్రవేశించిన గాలి ఇంటి నడుమగా సాగి వెనుకకు వెళ్లిపోతుంది. ఆ రెండు తలుపులలో ఏ ఒక్కటి మూసినా, నడుమ ధాన్యపు బస్తాలు అడ్డుపెట్టినా ఇంట్లో ఉక్కపోత మొదలవుతుంది. బల్లపై ఉండే కంప్యూటరు పెట్టెకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది.

వాడుకలో ఆ పెట్టెను 'సీపీయూ' అంటారు. నిజానికి సీపీయూ అంటే పెట్టెలోపల మదర్‌బోర్డుపై అమర్చిన ప్రాసెసర్. పెట్టెను క్యాబినెట్ అనాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, హార్డ్ డిస్క్, విద్యుత్తును అందించే ఎస్.ఎం.పి.ఎస్. అందులోనే ఉంటాయి. ఇవి వినియోగించుకొన్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారుతుంది. 200 వాట్ల విద్యుత్తును తీసుకొనే కంప్యూటరు 100 వాట్ల పాతరకం బల్బులు రెండింటిని మూసిన పెట్టెలో వెలిగించినట్లే వేడెక్కుతుంది.

నేటి ప్రాసెసర్లలో అనేకం సుమారు 95 నుండి 100 డిగ్రీల సెల్సియస్‌ను తమ హద్దుగా పాటిస్తాయి. వేడి ఆ హద్దును సమీపించగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఇంకా మించితే యంత్రం ఆగిపోతుంది. భద్రపరచని పని నష్టమవుతుంది. ఇది తెలియక, కంప్యూటరు పాతబడిందని తలచి, అప్పుచేసి కొత్తది కొనే కుటుంబాలు లేకపోలేదు. లోపం యంత్రానిది కాక గాలిది కావచ్చునని ముందుగా శంకించడం వివేకం.

గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో వినుకొండ, దొనకొండల నడుమ ఉన్న కురిచేడు వంటి మెట్ట ప్రాంతంలో ఈ వివేకం మరింత అవసరం. ఫ్యాను చల్లదనాన్ని సృష్టించదు. గదిలోని గాలిని మాత్రమే కదిలిస్తుంది. 25 డిగ్రీల గదిలో పరీక్షించినప్పుడు ఒక ప్రాసెసర్ 70 డిగ్రీలకు చేరిందనుకొందాం. గది కంటే దాని వేడి 45 డిగ్రీలు అధికమన్నమాట. కురిచేడులో వేసవి మధ్యాహ్నం గది 42 డిగ్రీలు ఉంటే, అదే పని చేస్తున్న అదే ప్రాసెసర్ దాదాపు 87 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి పెట్టెను పరీక్షించేటప్పుడు ప్రాసెసర్ వేడిని మాత్రమే చూడరాదు. గది వేడికీ దానికీ గల తేడాను లెక్కించాలి.

లోపలి అమరికకు ఒక చరిత్ర ఉన్నది. ఇంటెల్ సంస్థ 1995లో ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని రూపొందించింది. దానిని అనుసరించిన పెట్టెలలో చాలాకాలం ఎస్.ఎం.పి.ఎస్. పైభాగంలో ఉండి, లోపలి వేడిగాలినే పీల్చుకొనేది. తరువాత వచ్చిన అనేక పెట్టెలలో అది అడుగుకు చేరి, కింది జాలీ గుండా బయటి గాలిని తీసుకొంటున్నది. ప్రాసెసర్‌ను ముందు ఫ్యానుకు సూటిగా నిలిపే బీటీఎక్స్ అనే అమరికను ఇంటెల్ 2003లో ప్రకటించింది. తక్కువ వేడిని వెలువరించే ప్రాసెసర్లు రావడంతో 2006లో దానిని విరమించుకొన్నది. అయినా గాలికి సూటి దారి కావాలన్న సూత్రం నిలిచే ఉన్నది.

పెట్టెను ఎంచుకొనేటప్పుడు మొదట ముఖభాగాన్ని పరిశీలించాలి. నిండుగా మూసిన అద్దపు ముఖం కంటికి ఇంపైనదే. కాని పక్కల తగినంత సందు లేకపోతే ఫ్యాను ఎంత తిరిగినా గాలి చాలదు. జాలీ ముఖం మేలు. నిమిషానికి 1 ఘనపు మీటరు గాలి సాగితే 200 వాట్ల వేడికి ఆ గాలి సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. గాలి సగానికి తగ్గితే ఆ పెరుగుదల రెట్టింపవుతుంది. అందుచేత తీగలను మదర్‌బోర్డు వెనుకకు మళ్లించే చోటు ఉన్నదా, గ్రాఫిక్స్ కార్డు పొడవు ముందు ఫ్యానుకు అడ్డు వస్తున్నదా అని చూడాలి. సాధారణంగా ముందు ఫ్యానులు గాలిని లోనికి, వెనుక ఫ్యాను వెలుపలికి పంపాలి. పెట్టె వెలుపల కొంత ఎడంగా అగరువత్తిని పట్టుకొంటే పొగ కదలికను బట్టి గాలి దిశ తెలిసిపోతుంది.

దుమ్ము మరొక శత్రువు. పలకలకు పేరొందిన మార్కాపురం పరిసరాలలో రాతిపొడి కూడా దీనికి తోడు కావచ్చు. వెలుపలికి పోయే గాలి కంటే లోనికి వచ్చేది కొంత అధికంగా ఉండి, అది వడపోత జాలీ గుండా వస్తే సందుల నుండి దుమ్ము చొరబడడం తగ్గుతుంది. జాలీని తేలికగా తీసి కడిగే వీలుండాలి. పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి అమర్చాలి. లోపల శుభ్రం చేయడానికి ముందు విద్యుత్తు తీగను తొలగించాలి. వేడి తగ్గుతుందని పక్క తలుపును శాశ్వతంగా తెరిచి ఉంచడం సరికాదు. గాలి దారి తప్పుతుంది, దుమ్ము నేరుగా చేరుతుంది. పెట్టె వెనుకభాగాన్ని గోడకు ఆనించరాదు.

కళ్లంలో ధాన్యాన్ని తూర్పారబట్టే రైతు చేట ఎత్తే ముందు గాలి వాలును గమనిస్తాడు. కంప్యూటరు కొనేవారికీ ఆ చూపే కావాలి. రంగురంగుల దీపాలకు వెచ్చించే సొమ్ములో కొంత మంచి ఫ్యానుకు, వడపోత జాలీకి కేటాయిస్తే, కష్టార్జితంతో కొన్న యంత్రం వేసవిలోనూ విద్యార్థి పనికి అక్కరకు వస్తుంది.