ప్రోస్టేటు ఆపరేషన్ అయ్యాక పదేళ్ళకు ఏమవుతుంది?

ప్రోస్టేటు గ్రంథిలో కాన్సర్ ఉందని తెలియగానే ఇంట్లో వాళ్ళు డాక్టర్ని అడిగే మొదటి మాట: "రోబోతో చేస్తే మళ్ళీ రాదు గదండీ?" యంత్రం ఖరీదయిందయితే జబ్బు వేళ్ళతో సహా పోతుందని చాలామంది నమ్మకం. అదే నమ్మకంతో ఆపరేషన్ అయిన రెండు, మూడేళ్ళకు పరీక్షలు మానేసేవారూ ఉన్నారు. ఈ రెండింటిలో రెండోది ఎక్కువ ప్రమాదం.

ప్రోస్టేటు మగవారిలో మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. కాన్సర్ ఈ గ్రంథి దాటకుండా ఉన్నప్పుడు గ్రంథిని పూర్తిగా తీసివేయడం ఒక చికిత్స. వయసుతో గ్రంథి ఉబ్బి మూత్రం అడ్డుపడినప్పుడు లోపలి భాగాన్ని గీకి తీసే ఆపరేషన్ వేరు, ఇది వేరు.

మరమనిషి తనంతట తాను చేస్తుందా?

చేయదు. పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, వాటిగుండా కెమెరాను, సన్నని పరికరాలను లోపలికి పంపుతారు. సర్జన్ కొంచెం దూరంలో కూర్చుని, లోపలి భాగాలను పెద్దవిగా చూస్తూ, ఆ పరికరాలను తన చేతి కదలికలతో నడిపిస్తారు. రక్తస్రావం తక్కువ. రోగి త్వరగా ఇంటికి వెళ్ళగలడు. ఇవి నిజమైన లాభాలే. కాని చెయ్యి సర్జన్‌దే, అనుభవం కూడా ఆయనదే.

పదేళ్ళ లెక్క

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో, తెలుగువారైన వట్టికూటి దంపతుల విరాళంతో ఏర్పడిన యూరాలజీ సంస్థ ఉంది. రోబో ఆపరేషన్‌కు పేరు తెచ్చిన తొలి కేంద్రాలలో అదొకటి. 2001-2003 మధ్య అక్కడ ఆపరేషన్ చేయించుకున్న 483 మంది ఫలితాలను 2015లో ప్రకటించారు. వీరందరికీ కాన్సర్ గ్రంథికే పరిమితమై ఉందని ముందు నిర్ణయించారు.

పదేళ్ళ నాటికి నూటికి సుమారు 73 మందిలో పి.ఎస్.ఎ. మళ్ళీ పెరగలేదు. సుమారు 97 మందిలో వ్యాధి ఇతర భాగాలకు పాకలేదు. ఈ కాన్సర్‌తో మరణించనివారు దాదాపు 99 మంది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవండి. నూటికి పాతికమందికి పైగా పి.ఎస్.ఎ. పెరిగింది. అయినా పదేళ్ళలో కాన్సర్ వల్ల చనిపోయినవారు నూటికి ఒకరు మాత్రమే. అంటే పి.ఎస్.ఎ. పెరగడం మరణశాసనం కాదు. అది ముందుగా మోగే గంట. గంట విని లేచినవాడికి ఇల్లు చక్కదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

పి.ఎస్.ఎ. అంటే ప్రోస్టేటు కణాలు తయారుచేసే ఒక ప్రోటీను. గ్రంథి మొత్తం తీసేశాక రక్తంలో అది దాదాపు కనిపించకూడదు. వరుసగా రెండు పరీక్షల్లో మిల్లీలీటరు రక్తంలో 0.2 నానోగ్రాములు, ఆపైన కనిపిస్తే ఆ కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని అర్థం. అప్పటికి నొప్పి ఉండదు, మూత్రంలో రక్తం ఉండదు, మనిషి బాగానే తిరుగుతుంటాడు. అందుకే "నాకేం, బాగానే ఉన్నాను" అని పరీక్ష మానకూడదు.

గ్రంథి ఉన్న చోట రేడియేషన్ ఇచ్చి చాలామందిలో ఈ మిగిలిన వ్యాధిని అణచవచ్చు. పి.ఎస్.ఎ. 0.5 దాటకముందే మొదలుపెడితే ఫలితం మెరుగు. ఎముకల నొప్పులు మొదలయ్యాక వస్తే ఆ అవకాశం చేజారుతుంది.

రోబో మేలా, పాత పద్ధతి మేలా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 326 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి రోబోతోను, మరో వర్గానికి పొట్ట కోసి చేసే పాత పద్ధతిలోను ఆపరేషన్ నిర్ణయించారు. రెండేళ్ళ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. మూత్రం అదుపు, దాంపత్య శక్తి రెండు వర్గాల్లోను ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. పి.ఎస్.ఎ. పెరగడం రోబో వర్గంలో కొంత తక్కువగా కనిపించింది. కాని దాన్నిబట్టి తీర్పు చెప్పవద్దని పరిశోధకులే హెచ్చరించారు.

కాన్సర్ తిరిగి వస్తుందా రాదా అన్నది ముఖ్యంగా మూడు విషయాల మీద ఆధారపడుతుంది: కణాలు ఎంత దురుసైనవి (దీన్ని గ్లీసన్ అంకెతో చెబుతారు), తీసిన ముక్క అంచున కాన్సర్ మిగిలిందా, లింఫు గ్రంథులకు పాకిందా. కనుక అప్పు చేసి రోబో కోసం పరుగెత్తేముందు, ఆ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారో అడగండి. అడగడంలో తప్పు లేదు.

మీరు చేయవలసినవి

ఆపరేషన్ తర్వాత తీసిన గ్రంథి పరీక్ష రిపోర్టును అడిగి తీసుకుని, బీరువాలో భద్రంగా దాచండి. మొదటి పి.ఎస్.ఎ. పరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చేయించండి. తర్వాత మామూలుగా మూడేళ్ళపాటు ఆరు నెలలకొకసారి, ఆపైన ఏటా ఒకసారి. వ్యాధి దురుసైనదయితే డాక్టరు ఇంకా తరచుగా చేయించమంటారు. వీలయినంతవరకు ఒకే లాబొరేటరీలో చేయించి, తేదీలు, అంకెలు ఒక నోటుపుస్తకంలో వరుసగా రాసుకోండి. ఒక్క అంకె కన్నా అది పెరిగే వేగం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

ఆ పుస్తకం రాసే బాధ్యత భార్యో, కొడుకో, కూతురో తీసుకుంటే మంచిది. పెద్దవయసులో మగవారు మూత్ర సంబంధమైన జబ్బును నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, పరీక్షను వాయిదా వేస్తారు. వారు మరచిపోయినా ఇంట్లో వాళ్ళు తేదీ మరవకూడదు. ఆపరేషన్ కొన్ని గంటల పని. కాపలా మాత్రం ఏళ్ళ తరబడి ఉండాలి.