పాత పికప్ ఏటేటా పాసవుతుందా?

సెకండ్ హ్యాండ్‌లో పికప్ బేరానికి వస్తే కొనేవాళ్లు అడిగే మొదటి మాట "ఎఫ్‌సీ ఎప్పటిదాకా ఉంది?" అని. ఇంకా పది నెలలుందంటే రేటు పెరుగుతుంది, వచ్చే నెలతో అయిపోతుందంటే తగ్గుతుంది. ఆ కాగితం చెప్పేదల్లా ఫలానా రోజున బండి పరీక్షలో నిలబడిందనే. వచ్చే ఏడాదీ, ఆపై ఏడాదీ నిలబడుతుందా అన్నదే కొనేవాడికి అసలు కావలసిన సంగతి. అది తెలియాలంటే బండి కిందికి వంగి చూడాలి. ఇన్నేళ్లూ అది ఏం మోసిందో, ఎలా మోసిందో ఆరా తీయాలి.

1988 మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం రవాణా వాహనానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) ఉండి తీరాలి. బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా దాన్ని పొడిగించుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కళ్లతో చూసి, కాస్త దూరం నడిపించి నిర్ణయించే పద్ధతి మారి, యంత్రాలతో కొలిచే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. వాటికి కేంద్రం 2021 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. బ్రేకు పట్టు, చక్రాల వరస, హెడ్‌లైట్ల కాంతి, డీజిల్ పొగ సాంద్రత అన్నీ అక్కడ అంకెల్లో తేలతాయి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది బ్రేకునే. ముందు ఇరుసు చక్రాలు రెండిటినీ జంట రోలర్ల మీదికి ఎక్కిస్తారు. మోటారు రోలర్లను తిప్పుతుంటే చక్రాలూ తిరుగుతాయి. డ్రైవర్ బ్రేకు తొక్కగానే ఏ చక్రం ఎంత బలంతో ఎదురు తన్నిందో యంత్రం విడివిడిగా నమోదు చేస్తుంది. వెనక ఇరుసుకూ ఇంతే. నాలుగు చక్రాల బలాన్ని కూడి, బండి బరువుతో భాగిస్తే వచ్చేది బ్రేకు సామర్థ్యం. బ్రిటన్ వార్షిక పరీక్షలో ఈ తరహా బండ్లకు సాధారణంగా 50 శాతమైనా రావాలి. 50 శాతమంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, బ్రేకు పట్టిన చోటు నుంచి దాదాపు 28 మీటర్లలో ఆగుతుంది. డ్రైవర్ చూసి కాలు వేసేలోపు ఒక సెకను పోతే ఇంకో 17 మీటర్లు కలపాలి. బడి ముందు రోడ్డు మీద ఈ 45 మీటర్లను ఊహించుకుంటే 50 శాతం ఉదారమైన హద్దేనని అర్థమవుతుంది.

మొత్తం బలం సరిపోయినా ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడా 30 శాతం మించితే బ్రిటన్‌లో ఫెయిలే. ఒక పక్క డ్రమ్ములోకి గ్రీజో ఆయిలో దిగినా, వీల్ సిలిండర్ బిగుసుకుపోయినా బండి రెండో పక్కకు లాగుతుంది.

పికప్‌లో ఇక్కడొక చిక్కుంది. ఖాళీగా ఉన్నప్పుడు దాని వెనక భాగంలో బరువే ఉండదు. అప్పుడు బ్రేకు గట్టిగా పడితే వెనక చక్రాలు బిగుసుకుని తోక పక్కకు తిరిగిపోతుంది. అందుకే చాలా పికప్‌లలో ఛాసీకీ వెనక ఇరుసుకూ నడుమ ఒక వాల్వు పెడతారు. ఇరుసు నుంచి ఓ కడ్డీ దానికి అందుతుంది. లోడు పడి ఛాసీ కిందికి దిగితే కడ్డీ కదిలి వాల్వు తెరుచుకుంటుంది, వెనక బ్రేకులకు ఒత్తిడి ఎక్కువగా వెళ్తుంది. లోడు దించగానే మళ్లీ తగ్గుతుంది. కంప్యూటరూ లేదు, సెన్సరూ లేదు. ఎంత లోడుందో బండి ఎత్తును బట్టే తెలుసుకునే ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

మరి ఓవర్‌లోడు కోసం కమాన్ కట్టకు అదనంగా రెండు పట్టీలు వేయిస్తే ఏమవుతుంది? లోడు పడినా వెనక కిందికి దిగదు. కడ్డీ కదలదు. బండి ఖాళీగా ఉందనే వాల్వు లెక్క. రెండు టన్నుల లోడుతో ఘాట్ రోడ్డు దిగుతున్నా వెనక బ్రేకులు ఖాళీ బండికి పట్టినట్టే పడతాయి, భారమంతా ముందు బ్రేకులే మోయాలి. పరీక్షకు మాత్రం బండి ఖాళీగా వెళ్తుంది, కాబట్టి రోలర్ల మీద ఈ లోపం బయటపడకపోవచ్చు. కింద దూరి చూసేవాడు పట్టీలు లెక్కపెట్టి, వాల్వు కడ్డీని చేత్తో కదిపితేనే దొరుకుతుంది. పాత పికప్ కొనేవాళ్లు ఇంజిన్ శబ్దం వినడానికి పెట్టే టైములో సగం ఈ కడ్డీకి కేటాయిస్తే మేలని నా గట్టి నమ్మకం. చాలా బండ్లలో అది మట్టితో బిగుసుకుపోయో, తీసేసి తీగతో కట్టేసో కనిపిస్తుంది.

తర్వాత తుప్పు. పికప్ బరువంతా నిచ్చెన ఆకారపు ఛాసీ మీదే ఉంటుంది. దాని పెట్టె భాగాల్లోకి చేరిన బురద త్వరగా ఆరదు, అందుకే పైన రంగు బాగున్నా లోపల్నుంచి తుప్పు ఇనుమును తింటూ వస్తుంది. బ్రిటన్‌లో, అమెరికా చలి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు దీన్ని వేగం చేస్తుంది. టయోటా లాంటి పేరున్న కంపెనీకీ ఇది తప్పలేదు. టకోమా, టండ్రా, సెక్వోయా బండ్ల ఛాసీలు తుప్పు పట్టాయన్న దావాలో 2016లో ఆ కంపెనీ అమెరికాలో 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యే ఒప్పందానికి వచ్చింది. మన దగ్గర మంచు లేదు, కానీ భీమవరం, నెల్లూరు వైపు రొయ్యలూ చేపలూ ఐసుతో మోసే బండ్లున్నాయి. ఐసు కరిగి ఉప్పదనం కలిసిన నీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసీ మీదికి కారుతూనే ఉంటాయి. అలాంటి బండి ఐదేళ్లదైనా అనంతపురంలో తిరిగిన పదేళ్ల బండి కంటే ఛాసీలో ముసలిది కావచ్చు. బ్రిటన్ పరీక్షకులు బ్రేకు, స్టీరింగ్, సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు తుప్పును ప్రత్యేకంగా తట్టి చూస్తారు. చిన్న సుత్తితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము మొద్దుగా మోగుతుంది.

టైర్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. వెలగని బల్బు, పగిలిన ఇండికేటర్ లాంటివి ఒక్క పూటలో బాగుచేసుకునేవే అయినా, తొలిసారి తప్పడానికి ఇవే పెద్ద కారణాల్లో ఒకటి.

ఇంతకీ పికప్‌లు ఎంత నమ్మకంగా పాసవుతాయి? దీనికి అంకెల్లో జవాబు వెతకగలిగే దేశం బ్రిటన్. అక్కడ 1960లో పదేళ్లు దాటిన బండ్లకు ఈ పరీక్ష మొదలై, 1967కల్లా మూడేళ్లు దాటిన వాటన్నిటికీ తప్పనిసరి అయింది. 2005 తర్వాతి పరీక్షల ఫలితాలు, తిరిగిన దూరంతో సహా, యజమాని వివరాలు లేకుండా ప్రభుత్వం బయట పెట్టింది. కార్లూ తేలికపాటి వ్యాన్లూ ఉండే తరగతిలో తొలి ప్రయత్నంలోనే తప్పేవి పదింటికి మూడు దాకా. మొత్తం బరువు 3,000 నుంచి 3,500 కిలోల మధ్య ఉండే సరుకు బండ్ల తరగతిలో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. బరువైన డబుల్ క్యాబ్ పికప్‌లు కొన్ని ఈ తరగతిలోకే వస్తాయి.

ఆ అంకెలు చూసి ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది చెడ్డది అని తేల్చేయడం తొందరపాటు. ఒక మోడల్‌ను రైతులు పొలాల్లో తిప్పుతారు, ఇంకోదాన్ని పట్నం వాళ్లు ఆదివారాలు తిరగడానికి కొంటారు. రెంటి ఫలితాలూ పక్కపక్కన పెడితే వాడకంలోని తేడా బండి తేడాగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్లు దాటిన వాటిలో బాగా పాడైనవి అప్పటికే తుక్కుకు పోయి ఉంటాయి. మిగిలినవి గట్టివి గనక ఆ వయసులో పాసయ్యే శాతం అనుకున్నంత పడిపోదు. పరీక్షకు ముందు మెకానిక్ దగ్గర అన్నీ సరిచేయించుకుని వెళ్లే యజమాని బండీ, నేరుగా తీసుకెళ్లి ఏం తప్పుతుందో చూద్దామనుకునే యజమాని బండీ ఒకే మోడలైనా ఫలితం ఒకటి కాదు. పదింటికి ఏడు పాసవుతాయంటే మూడేళ్లు వరసగా పాసయ్యేవి మూడో వంతేనని గుణించి చెప్పడమూ పొరపాటే. బాగా చూసుకున్న బండి ఏటా పాసవుతూ పోతుంది, పట్టించుకోనిది ఏటా తప్పుతుంది.

అందుకే మోడల్ సగటు కంటే ఆ ఒక్క బండి చరిత్ర ఎక్కువ చెబుతుంది. బ్రిటన్‌లో నంబరు ప్లేటు మీది నంబరు కొడితే చాలు, ఎవరైనా ఆ బండి పాత ఫలితాలన్నీ ఉచితంగా చూడొచ్చు. ఎక్కడ తప్పిందో, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగిందో అందులో ఉంటుంది. పాసైనా 'ఇది గమనించుకోండి' అని రాసిన సూచనలూ ఉంటాయి. వెనక కమాన్ పట్టీలకు తుప్పు మొదలైందని మూడేళ్లు వరసగా రాసి ఉంటే ఆ యజమాని దాన్ని ముట్టుకోలేదని తెలిసిపోతుంది. ఒక ఏడాది మైళ్లు వెనక్కి తగ్గితే మీటరు తిప్పారని తెలిసిపోతుంది.

మన ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉందో ఆ తేదీ కనబడుతుంది. కొత్త స్టేషన్లలో యంత్రాలు ప్రతి చక్రం బ్రేకు బలాన్నీ, పొగ సాంద్రతనూ ఎలాగూ కొలుస్తున్నాయి. ఆ కొలతలనూ తేదీ పక్కనే, ఏడాది వారీగా, కొనేవాడికి చూపించాలి. ఎడమ వెనక చక్రం నాలుగేళ్లుగా ఏటేటా బలహీనపడుతోందని డబ్బు చేతులు మారకముందే అతనికి తెలియాలి.