బల్లపై రణరంగము: చారిత్రక యుద్ధక్రీడను, బొమ్మల కొలతను ఎన్నుకొనుట ఎట్లు?

మానవుడు తన జీవితములోని ప్రతి కార్యమునకు ఒక ఆటను కల్పించుకొన్నాడు. ఇల్లు కట్టుట, వంట చేయుట, పెండ్లి చేయుట అన్నియు పిల్లల ఆటలలో కనిపిస్తాయి. యుద్ధము కూడ అట్లే ఆటగా మారినది. మన దేశమున పుట్టిన చతురంగము ఇందుకు తొలి నిదర్శనము. రథ గజ తురగ పదాతులనే నాలుగు అంగములు గల సేనను గళ్లబల్లపై నిలిపిన ఈ ఆటను ఏడవ శతాబ్దిలో బాణభట్టు తన హర్షచరితములో ప్రస్తావించాడు. అది ఇరానుకు వెళ్లి చత్రంగ్ అయినది. అరబ్బుల నోట షత్రంజ్ అయినది. ఆ పేరుతోనే ఉర్దూలో నిలిచినది. తెలుగులో చదరంగమైనది. మన కళాశాలలో ఒకే బెంచీపై కూర్చున్న ఇద్దరు విద్యార్థులలో ఒకరు షత్రంజ్ అనియు, మరొకరు చదరంగమనియు పిలుచునది ఒకే ఆటను.

అయితే చదరంగములో ఏ దేశపు యుద్ధమూ లేదు, ఏ సంవత్సరపు చరిత్రా లేదు. చరిత్రలో నిజముగా జరిగిన ఒక యుద్ధమును చిన్న బొమ్మలతో బల్లపై నిలిపి, ఆనాటి సేనానుల ఇబ్బందులను మనమే అనుభవించి చూచు క్రీడ ఒకటి గలదు. దానినే చారిత్రక యుద్ధక్రీడ అంటారు. దానిని ప్రారంభింపదలచిన విద్యార్థికి ఎదురగు ప్రశ్నలు రెండు. ఏ యుద్ధమును ఎన్నుకొనవలెను? బొమ్మలు ఎంత కొలతలో ఉండవలెను? ఈ రెండింటిని ఈ వ్యాసములో పరిశీలిద్దాము.

యుద్ధక్రీడ స్వభావము

చదరంగములో ఇరుపక్షముల బలము సమానము. ఎదుటివాని పావులన్నియు మన కంటికి కనిపిస్తాయి. అదృష్టమునకు తావు లేదు. నిజమైన యుద్ధములో ఈ మూడును తలక్రిందులవుతాయి. బలములు సమానముగా ఉండవు, శత్రువు ఎక్కడ ఉన్నాడో తెలియదు, వాన, పొగ, భయము లెక్కలను తారుమారు చేస్తాయి. అసమాన బలముల ఆట మన పల్లెలకు కొత్త కాదు. రచ్చబండలపై గీతలు గీసి ఆడు పులిమేక ఆటలో ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. బలము వేరు, లక్ష్యము వేరు, అయినను ఆట సరిసమానముగా సాగుతుంది. యుద్ధక్రీడకు ఇదియే మూలసూత్రము.

ఐరోపాలో ప్రష్యా దేశస్థుడైన రైస్విట్జ్ 1812లో తన యుద్ధక్రీడను రాజునకు చూపాడు. ఆయన కుమారుడు 1824లో దానిని సంస్కరించి ప్రకటించాడు. అది గళ్లబల్లపై కాక, 1:8,000 నిష్పత్తిలో గీసిన పటముపై ఆడు ఆట. పాచికలు అదృష్టమును నిర్ణయిస్తాయి. మధ్యవర్తి ఒకడు ఎవరికి ఏది కనిపిస్తున్నదో చెబుతాడు. ప్రష్యా సైన్యము దీనిని అధికారుల శిక్షణకు స్వీకరించినది. తరువాత ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకము వ్రాసి, బొమ్మ సిపాయిల యుద్ధమును సామాన్యుల వినోదముగా చేశాడు. ఆ పుస్తకము చివర ఆయన, ఈ చిన్న యుద్ధముతో పోల్చితే నిజమైన యుద్ధము ఎంత మూర్ఖమైనదో గ్రహించుమని పాఠకులను కోరాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమైనది.

ఏ యుద్ధమును ఎన్నుకొనవలెను?

క్రొత్తగా ప్రారంభించువారు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఒకటి, ఆ యుద్ధము మన బల్లపై ఇముడునా? రెండు, ఇరుపక్షములకు నిజముగా ఎన్నుకొనదగిన మార్గములు ఉండెనా? మూడు, ఆ యుద్ధమునకు మనము న్యాయము చేయగలమా? ఈ మూడవ ప్రశ్న అన్నింటికన్న ముఖ్యమని మా అభిప్రాయము.

మన ప్రాంతపు చరిత్రనే ఉదాహరణగా తీసుకొందాము. 1565 జనవరిలో జరిగిన తళ్లికోట యుద్ధము మొదట గుర్తుకు వచ్చును. బిజాపూరు, అహ్మద్‌నగరు, గోల్కొండ, బీదరు సుల్తానులు ఒకవైపు, విజయనగర సేనాని రామరాయలు మరొకవైపు. మన నారాయణఖేడ్‌కు పొరుగుననే ఉన్న బీదరు కోటకు దీనితో సంబంధమున్నది. కాని ఇందులో పాల్గొన్న సైనికుల సంఖ్యలు చరిత్రకారుల చేతిలో వేల నుండి లక్షల వరకు మారుతూ ఉంటాయి. నూరుగురికి ఒక బొమ్మ చొప్పున నిలిపినను లక్షమందికి వేయి బొమ్మలు కావలెను. ప్రారంభకులకు అది సాధ్యము కాదు.

అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. ఈ యుద్ధమును రెండు మతముల పోరాటముగా చూపు అలవాటు చాలమందికి ఉన్నది. రామరాయల కొలువులో ముస్లిము సేనానులు, సైనికులు ఉండిరి. గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కుతుబ్‌షా సింహాసనమెక్కుటకు పూర్వము సుమారు ఏడేండ్లు విజయనగరములోనే ఆశ్రయము పొందాడు. తెలుగు కవులను ఆదరించి ‘మల్కిభరాముడు’ అని వారిచేత కీర్తింపబడినవాడు ఆయనయే. ఆయన కాలమున పటాన్‌చెరువును ఏలిన అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో వ్రాసిన యయాతిచరిత్రమును అంకితమిచ్చాడు. బొమ్మలకు రంగులు వేయునపుడు ఈ సంగతి మరచినచో, మనము చరిత్రను కాక, అపోహను బల్లపై నిలిపినవారమవుతాము.

1687లో ఎనిమిది నెలలు సాగిన గోల్కొండ ముట్టడి మహత్తరమైనదే. కాని అది ఆకలితో, రోగములతో, నిరీక్షణతో నడిచిన యుద్ధము. బల్లపై నెలలు గడుపుట కష్టము. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధము తెలుగువారి హృదయములలో నిలిచినది. అయితే కోటలోని స్త్రీలు, పిల్లలు కూడ బలియైన ఆ ఘట్టమును పాచికలు వేసి ఆడుట ఉచితము కాదు. కొన్ని యుద్ధములు ఆటకు కాక, స్మరణకే తగినవి.

మరి ఏది తగినది? 1758 డిసెంబరులో పిఠాపురము సమీపమున జరిగిన చందుర్తి యుద్ధమును మేము సూచిస్తాము. కర్నల్ ఫోర్డు నాయకత్వమున ఆంగ్లేయులు, వారికి మిత్రుడైన విజయనగరపు ఆనందగజపతి రాజు ఒకవైపు, కాన్‌ఫ్లాన్స్ నాయకత్వమున ఫ్రెంచివారు మరొకవైపు. ఇరుపక్షములందును ఐరోపా సైనికులు సుమారు అయిదువందల మందియే. మిగిలినవారందరు మన దేశపు సిపాయిలు. ఒక్క పగటిలోనే ఫలితము తేలినది. ఆ ఫలితము చిన్నది కాదు. మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్టణము ఆంగ్లేయుల వశమైనది. హైదరాబాదు పాలకుడు సలాబత్‌జంగు వారితో ఒప్పందము చేసుకొనవలసి వచ్చినది. తీరాంధ్రలో ఫ్రెంచివారి ప్రాబల్యము అంతటితో అస్తమించినది.

కొలతల సంగతి

బొమ్మల కొలతను సాధారణముగా మనిషి బొమ్మ ఎత్తును బట్టి మిల్లీమీటర్లలో చెబుతారు. మనిషి ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు, అనగా 1,680 మిల్లీమీటర్లు అనుకొందాము. 54 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో సుమారు 31వ వంతు. 28 మిల్లీమీటర్లది 60వ వంతు. 15 మిల్లీమీటర్లది 112వ వంతు. 6 మిల్లీమీటర్లది 280వ వంతు. ప్లాస్టిక్ బొమ్మలపై 1:72 అని వ్రాసి ఉన్నచో అది సుమారు 23 మిల్లీమీటర్ల బొమ్మ అని గ్రహింపవలెను. కొందరు తయారీదారులు పాదము నుండి కంటివరకు, మరికొందరు తలపై వరకు కొలుస్తారు. కావున ఒకే అంకె వేసియున్న రెండు పెట్టెలలోని బొమ్మలు ప్రక్కప్రక్కన నిలిపితే పొట్టి పొడుగులుగా కనిపించవచ్చును.

ఇక్కడ ప్రారంభకులు పొరబడు విషయము ఒకటి ఉన్నది. బొమ్మ కొలత వేరు, నేల కొలత వేరు. ఆనాటి తుపాకి నూరు మీటర్ల దూరము వరకు పనిచేయునని అనుకొందాము. 28 మిల్లీమీటర్ల బొమ్మ నిష్పత్తిలోనే నేలను కూడ కొలిచినచో ఆ నూరు మీటర్లు బల్లపై 167 సెంటీమీటర్లు అవుతాయి. అనగా బల్ల ఈ కొన నుండి ఆ కొనకు గుండు పోవును. ఎవడును కదలనక్కరలేదు! అందువలన నేలకు 1:1,000 నిష్పత్తిని తీసుకొనుట మంచిది. అప్పుడు ఒక సెంటీమీటరు పది మీటర్లకు సమానము. తుపాకి దూరము పది సెంటీమీటర్లు. 180 సెంటీమీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు గల బల్ల 1.8 కిలోమీటర్ల పొడవు, 1.2 కిలోమీటర్ల వెడల్పు గల రణరంగమవుతుంది.

మూడవ లెక్క, ఒక బొమ్మ ఎంతమందికి ప్రతినిధి అనునది. ఆరువందల మంది దళము మూడు వరుసలుగా నిలిచినచో ముందు వరుసలో రెండువందల మంది ఉంటారు. మనిషికి అరవై సెంటీమీటర్ల చొప్పున దళము వెడల్పు 120 మీటర్లు, బల్లపై 12 సెంటీమీటర్లు. 28 మిల్లీమీటర్ల బొమ్మకు రెండు సెంటీమీటర్ల పీఠము కావలెను గనుక అచ్చట ఆరు బొమ్మలు నిలుస్తాయి. అనగా నూరుగురికి ఒక బొమ్మ. 15 మిల్లీమీటర్ల బొమ్మలైతే పన్నెండు, 6 మిల్లీమీటర్లవైతే ఇరువది నాలుగు. 54 మిల్లీమీటర్లవైతే ముగ్గురే నిలుస్తారు, అది సేన వలె కనిపించదు. పెద్ద బొమ్మ ముఖమును చూపును, చిన్న బొమ్మ సమూహమును చూపును. పదిమంది పహరా సిపాయిల తగవు వంటి చిన్న ఘట్టమునకు పెద్ద బొమ్మ, మహాసంగ్రామమునకు చిన్న బొమ్మ తగును. చేతితో చేసి రంగులు వేయువారికి 28 మిల్లీమీటర్ల కొలత మధ్యేమార్గము.

చందుర్తికి ఈ లెక్కను అన్వయిద్దాము. ఫోర్డు వద్ద ఐరోపావారు సుమారు 470, సిపాయిలు 1,900, ఆనందగజపతి అనుచరులు సుమారు 5,000 మంది. నూరుగురికి ఒకటి చొప్పున 5, 19, 50, మొత్తము 74 బొమ్మలు. ఫ్రెంచివారి పక్షమున ఐరోపావారు సుమారు 500, సిపాయిలు 6,000, ఆశ్వికులు 500. అవి 5, 60, 5, మొత్తము 70. ఇరుపక్షములకు కలిపి 144. పన్నెండుగురు విద్యార్థులు తలా పన్నెండు బొమ్మలు చేసినచో సేనలు సిద్ధము.

బొమ్మలు, నియమములు

విదేశపు బొమ్మలు కొననిదే ఈ క్రీడ సాగదని భయపడనక్కరలేదు. మన తెలుగువారు బొమ్మలలో ఎవరికి తీసిపోయినవారు? కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల బంకలో రంపపుపొట్టు కలిపి అవయవములు అతికిస్తారు. నిర్మల బొమ్మలకును పొణికి కర్రయే ఆధారము. విద్యార్థులకు దళసరి అట్ట, మట్టి, అగ్గిపుల్లలు, నీటిరంగులు చాలును. అట్టపై సిపాయిని గీసి, కత్తిరించి, పీఠమునకు అతికించినను ఆట ఆటయే. సీసము కరిగించి బొమ్మలు పోయుట మాత్రము ఇంట చేయరాదు, అది విషము. హైదరాబాదు వెళ్లినవారు సాలార్‌జంగ్ మ్యూజియములోని బొమ్మ సైన్యములను తప్పక చూడవలెను.

నియమములు మొదట ఒక పుటకు మించరాదు. ఎవరు ఎంత దూరము నడువవచ్చును, ఎంత దూరము కాల్చవచ్చును, దెబ్బతిన్న దళము ఎప్పుడు వెనుదిరుగును అను మూడు సంగతులు చాలును. ప్రతి పక్షమునకు పన్నెండు దళములు మాత్రమే ఉంచి ఆడు ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ అను నియమావళి 1990లో వెలువడి ప్రపంచమంతట ప్రారంభకుల ఆదరణ పొందుటకు ఈ క్లుప్తతయే కారణము.

చందుర్తిలో ఒక విశేషమున్నది. ఫోర్డు ఐరోపా దళము ఏపుగా పెరిగిన పైరు చాటున మరుగుపడినది. ఎర్రని దుస్తులు ధరించిన సిపాయిలను చూచి ఫ్రెంచివారు వారే ఆంగ్లేయులని భ్రమించి వారిపై పడిరి, తరుముతూ చెదరిపోయిరి. అంతట పైరు చాటునుండి అసలు దళము బయటపడినది. దీనిని ఆటలో చూపుటకు మధ్యవర్తి కావలెను. ఫోర్డు పక్షము తన దళము ఎక్కడ దాగినదో కాగితముపై వ్రాసి అతనికి ఇవ్వవలెను. ఈ కథ తెలిసినవారు ఆడునపుడు దాగుచోటును మార్చుకొనవచ్చును. కంటికి కనిపించినదే సత్యమనుకొన్నవాడు ఎట్లు ఓడిపోవునో పాఠ్యపుస్తకము చెప్పగలదు, బల్ల చూపగలదు.

చివరగా ఒక నియమమును మేము గట్టిగా కోరుతున్నాము. ప్రతి ఆటను రెండుసార్లు ఆడవలెను. రెండవసారి పక్షములు మార్చుకొనవలెను. ఎదుటివాని వైపు నుండి బల్లను చూచినవానికి అతడు రాక్షసుడుగా కనిపించడు, తనవంటి ఇబ్బందులే గల మనిషిగా కనిపిస్తాడు. ఇరువైపుల ముందు వరుసలో నిలిచి చనిపోయినది మన సిపాయిలే అను చేదు నిజము కూడ 144 బొమ్మలలో రంగులు వేసినవానికి లెక్కతో సహా తెలియును.

ప్రేమ్‌చంద్ 1924లో ‘షత్రంజ్ కే ఖిలాడీ’ అను కథ వ్రాశాడు. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రముగా తీశాడు. అవధ్ రాజ్యము కంపెనీ వశమగుచుండగా, ఆ కథలోని ఇద్దరు ప్రభువులు ఆటలో మునిగి దేశమును మరచిరి. మనము కోరు ఆట అది కాదు. దేశమును మరపించు ఆట వ్యసనము, దేశచరిత్రను గుర్తుచేయు ఆట విద్య.

చరిత్ర విద్యార్థులు విషయమును, గణిత విద్యార్థులు నిష్పత్తులను, ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఆయా భాషలలోని ఆధారములను సేకరించినచో ఈ పని కలసి చేయదగినది. దీనికి కావలసినది రెండు బల్లలు, కొంత అట్ట, కొన్ని రంగులు, ఒక తీరిక మధ్యాహ్నము. కళాశాల కమిటీ పెద్దలు చరిత్ర విభాగమునకు ఈపాటి అవకాశము కల్పించెదరని ఆశిస్తున్నాము.