నాలుగో వంతు లెక్క

రక్త పరీక్ష రిపోర్టులో ‘బీటా థలసీమియా ట్రెయిట్’ అన్న మాట కనపడగానే హడలిపోతారు కుర్రాళ్లు. ట్రెయిట్ అంటే జబ్బు కాదర్రా. డాక్టర్లు ‘మైనర్’ అని కూడా అంటారు. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసును తయారుచేసే జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది నెట్టుకొస్తుంది. ఎర్ర కణాలు కాస్త చిన్నగా, పాలిపోయినట్టు ఉంటాయి, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువుంటుంది. ఆ మనిషి పొలం దున్నుకోవచ్చు, నూరేళ్లు బతకొచ్చు. ఐరన్ బిళ్లలు మింగుతున్నా రక్తం పెరగడం లేదే అని డాక్టరుకు అనుమానమొచ్చి హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష రాస్తే, హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటి ఉండి, గుట్టు బయటపడుతుంది.

చిక్కల్లా అలాంటివాళ్లిద్దరు ఆలుమగలైనప్పుడు. మన దేశంలో నూటికి ముగ్గురో నలుగురో ఇలా మోస్తున్నారని అంచనా. సింధీ, పంజాబీ, గుజరాతీ కుటుంబాల్లో ఎక్కువంటారు గానీ, మనకు మాత్రం లేదనుకోకండి. మన ఇళ్లల్లో మేనరికాలున్నాయిగా! ఒకే ముత్తాత నుంచి దిగివచ్చిన చెడ్డ ప్రతి ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం అక్కడ పెరుగుతుంది. ఒకరిది థలసీమియా, ఇంకొకరిది అదే బీటా జన్యువులో వచ్చే సికిల్ సెల్ మార్పు అయినా ఇబ్బందే. మన గిరిజన ప్రాంతాల్లో ఈ రెండోది బాగా కనపడుతుంది.

ఇక లెక్క. రెండు రూపాయి బిళ్లలు ఒకేసారి ఎగరేయండి. రెండూ బొరుసే పడే అవకాశం నాలుగింట ఒకటి. ఇదీ అంతే. తల్లీ తండ్రీ తమ రెండు ప్రతుల్లో ఏదో ఒకటే బిడ్డకిస్తారు. ఇద్దరూ చెడ్డదే ఇస్తే బిడ్డకు థలసీమియా మేజర్. ఒక్కరే ఇస్తే అమ్మానాన్నల్లాగే మైనర్, ఆ అవకాశం సగం. మిగతా నాలుగో వంతు ఏమీ ఉండదు. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇంక ముగ్గురిదాకా భయం లేదు’ అని వేళ్లు మడిచే పెద్దవాళ్లున్నారు. రూపాయి బిళ్లకు జ్ఞాపకం ఉండదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదలే.

మేజర్ వచ్చిన బిడ్డ పుట్టగానే బొద్దుగానే ఉంటుంది. కడుపులో పనిచేసిన పిండపు హిమోగ్లోబిన్‌కు బీటా గొలుసుతో పనిలేదు మరి. అది తగ్గిపోయి, ఆరు నెలలు దాటాక బిడ్డ వాడిపోవడం మొదలవుతుంది. అక్కణ్ణుంచి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, దాన్ని బయటికి పంపడానికి రోజూ మందు. తోబుట్టువు మజ్జ సరిపోలితే బోన్‌మ్యారో మార్పిడితో నయం చేయొచ్చు గానీ, అది అందరికీ దొరకదు. సరిగ్గా చికిత్స అందిన పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పెళ్లిళ్లూ చేసుకుంటున్నారు. హైదరాబాద్‌లో 1998 నుంచి థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి పిల్లల కోసమే పనిచేస్తోంది. ఇలాంటి గర్భం ఉంచుకోవాలా వద్దా అని నిర్ణయం తీసుకోబోయేవాళ్లు అక్కడికి ఒకసారి వెళ్లి, ఆ తల్లులతో మాట్లాడితే మంచిదంటాను. ఆ పిల్లల కష్టమూ చూడాలి, వాళ్ల ఆటపాటలూ చూడాలి.

మరి బిడ్డకు మేజర్ ఉందో లేదో కడుపులో ఉండగానే తెలుసుకోవడం ఎలా? 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్ అని చేస్తారు. స్కానింగ్ తెర మీద చూస్తూ, సూదితో మాయ నుంచి పిసరంత నూగు తీస్తారు. బిడ్డను ముట్టుకోరు. బిడ్డా మాయా ఒకే అండం నుంచి పుట్టినవి గనక దాని జన్యువు చూస్తే బిడ్డది చూసినట్టే. అందులో తల్లి కణాలు అతుక్కుని వస్తే ఫలితం తారుమారవుతుంది. అందుకే సూక్ష్మదర్శిని కింద వాటిని ఏరేసి, తల్లి డీఎన్ఏతో పోల్చి కూడా చూస్తారు. ఈ జాగ్రత్త తీసుకుంటారా అని ల్యాబువాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

అంతకన్నా ముందు పని ఒకటుంది. బీటా జన్యువు చెడే తీరులు వందల్లో ఉన్నాయి. భార్యలో ఏది, భర్తలో ఏది అని ముందే పట్టుకుంటేనే బిడ్డలో ఏం వెతకాలో ల్యాబుకు తెలిసేది. దానికి రోజులు పడతాయి. కడుపు పండకముందే ఆ రిపోర్టు చేతిలో ఉంటే సగం ఆదుర్దా తగ్గినట్టే. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ లాంటి చోట్ల ఇలాంటి జన్యు పరీక్షలు చేస్తారు. ఈ పరీక్షల్లో జన్యువు ముక్కకు ప్రతులు తీసే, ఇప్పుడు రోజువారీ పనైపోయిన పీసీఆర్ పద్ధతి లోకానికి తొలిసారి తెలిసింది 1985లో, సికిల్ సెల్ మార్పును పట్టుకోవడం గురించిన పరిశోధన పత్రంలోనే!

సీవీఎస్ చేసే వారాలు దాటిపోతే 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీసి చూస్తారు. రెండింటిలోనూ గర్భం పోయే ప్రమాదం కొంచెం ఉంది. అనుభవమున్న చేతుల్లో నూటికి ఒకటి కన్నా తక్కువే.

‘సూదెందుకు తాతా, తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ ఉందిగా?’ అని మా మనవడు అడ్డుతగిలాడు. అది డౌన్ సిండ్రోమ్ లాంటివి జల్లెడ పట్టడానికి. ఇక్కడ తల్లి రక్తంలోనే ఆమె సొంత చెడ్డ ప్రతి నిండా ఉంటుంది, అందులో బిడ్డది విడదీయడం మామూలు ల్యాబుల పని కాదురా.

టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో పిండాలు తయారుచేసి, పరీక్షించి, మేజర్ కానిదాన్ని గర్భంలో పెట్టే దారి కూడా ఉంది. 1990లో లండన్‌లో ఆలన్ హాండీసైడ్ బృందం పిండ పరీక్షకు బాట వేసింది. గర్భస్రావం ప్రశ్న చాలావరకు తప్పుతుంది గానీ లక్షల ఖర్చు, ఒక్కసారికే గర్భం నిలుస్తుందన్న హామీ లేదు, నిలిచాక కూడా సీవీఎస్‌తో ఖాయం చేసుకోమంటారు.

పరీక్ష చేయించుకుంటే గర్భం తీయించుకోవాల్సిందేనని చాలామంది అపోహ. అలా ఏమీ లేదు. మేజరని తెలిసీ కంటామనే దంపతులకు అది ముందస్తు సిద్ధపాటు. వద్దనుకునేవాళ్లకు చట్టం దారి ఇచ్చింది. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 2021 సవరణ తర్వాత కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ అయితే ఆమె ఒక్కదాని సమ్మతే కావాలి, మొగుడి సంతకం అడగక్కర్లేదు. ఈ సంగతి అత్తగార్ల చెవిన కూడా పడాలి! హిమోగ్లోబిన్ జబ్బుల కోసం పిండ పరీక్షను 1994 నాటి మరో చట్టం అనుమతించింది, ఆడో మగో చెప్పడాన్ని మాత్రం నిషేధించింది. ఫలితం ఏదొచ్చినా, కోడలి వైపు వేలు చూపించేవాళ్లకు ఒక్కటే చెప్పండి: మేజర్ రావాలంటే ఇద్దరి నుంచీ రావాలి.

ఒకరికి ట్రెయిట్ తేలితే తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ కనీసం సగం అవకాశం ఉన్నట్టు. పెళ్లి సంబంధాలు చూస్తున్న తమ్ముడుంటే ఇప్పుడే పంపండి. రక్తంలో ఇనుము బాగా తక్కువుంటే ఏ2 తగ్గి కనపడి, ట్రెయిట్ దాగిపోవచ్చు. అందుకని ఐరన్ లోటు ఉంటే అది తీర్చాక మరోసారి చూపించుకోమనండి.