ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుంది?

పెద్దాసుపత్రి ఓపీ క్యూలో ఎవరి చేతిలో చూసినా ఒకటే... ప్లాస్టిక్ కవరు! అందులో ఎక్స్‌రే, నలిగిన చీటీలు, అక్షరాలు వెలిసిపోయిన స్కాన్ రిపోర్టు. తీరా డాక్టరు అడిగిన కాగితమే అందులో ఉండదు. 'అయితే మళ్లీ పరీక్ష చేయించండి' అంటారాయన. జేబుకి చిల్లు అక్కడే.

ఆ కవరుకి బదులు ఓ నంబరు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆలోచన ఇదే. 2020 ఆగస్టు 15న ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ వచ్చింది. కావాలన్నవారికి 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తారు. తప్పనిసరేం కాదు. రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకే కంప్యూటర్లో పోగుపడతాయనుకుంటారు చాలామంది. అదీ కాదు. ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటాయి. మరో డాక్టరు చూడాలంటే రోగి 'సరే' అనాలి. ఏవి చూడొచ్చో, ఎన్నాళ్లు చూడొచ్చో కూడా రోగే చెప్పొచ్చు.

వినడానికి బాగుంది. మరి ఆ 'సరే' చెప్పేదెవరు? నంబరు తీసుకోవాలంటే సాధారణంగా ఫోనుకి ఓటీపీ రావాలి. రిపోర్టులు చూపించడానికి ఫోనులో ఆప్ ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవారు 54 శాతమే. మిగతావాళ్లకి భర్త ఫోనో, కొడుకు ఫోనో దిక్కు. నాయనమ్మ షుగరు రిపోర్టు మనవడు చూస్తే ఫర్వాలేదు. కోడలికి గర్భం నిలవలేదన్న సంగతి ఇంటిల్లిపాదీ తిప్పే ఫోనులో కనిపిస్తే?

2019 నవంబరులో మొదలైన ఈ-సంజీవని పద్ధతి వేరు. పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, బీపీ చూసి, తెర మీద పట్నం డాక్టరుతో మాట్లాడిస్తారు. రోగికి సొంత ఫోను అక్కర్లేదు, చదువు రాకపోయినా ఇబ్బంది లేదు. 2023 ఫిబ్రవరికల్లా ఈ-సంజీవని సంప్రదింపులు పది కోట్లు దాటాయి. బాగా వాడుకున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది ముందువరసే. కంప్యూటరు కన్నా ఆ పక్కన కూర్చున్న మనిషి వల్లే అది నడిచిందనాలి. ఆ మనిషికేమో రిజిస్టరులో రాసిందే మళ్లీ ట్యాబ్‌లో ఎక్కించే చాకిరీ!

అన్నట్టు, ఆసుపత్రులూ ల్యాబులూ అన్నీ 'ఆభా'లో ఇంకా చేరలేదు. చేరినచోటా పాత కాగితాలు వాటంతటవే ఫోనులోకి రావు. కాబట్టి బీరువా మీది ఆ ప్లాస్టిక్ కవరు... పారేయకండేం!