తెర వెనుక పనివాళ్ళు

పెళ్ళింట భోజనం బాగుందని అందరూ మెచ్చుకుంటారు. తెల్లవారుజామునే లేచి నీళ్ళు తోడినవాణ్ణి ఎవరూ తలవరు. వాడు రాని రోజునే వాడి విలువ తెలుస్తుంది. కంప్యూటర్లోనూ అలాంటి పనివాళ్ళున్నారు.

మన సంఘం సభ్యుల జాబితా, చందాల లెక్కలు మా ఇంట్లోని లినక్స్ కంప్యూటర్లో ఉంటాయి. గంటగంటకూ వాటికి నకలు తీసి వేరే డిస్కులో పెట్టే సర్వీసు ఒకటి ఏర్పాటు చేశాను. కిందటి వానాకాలంలో ఒకనాడు ఉరుములకు కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ మొదలైంది, నకళ్ళూ వస్తున్నాయనుకున్నాను. రెండు నెలలకు అసలు డిస్కు పాడైంది. చూద్దును గదా, ఆఖరి నకలు ఆ ఉరుముల నాటిది! రసీదు పుస్తకాలు ముందేసుకుని రెండు నెలల లెక్కలూ తిరగరాశాను.

ఇలా తెర వెనుక నడిచే ప్రోగ్రాములను ‘డీమన్లు’ అంటారు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో వాడుకలోకి వచ్చిన మాట ఇది. ప్రతి ప్రోగ్రాముకూ లినక్స్ ఒక నంబరిస్తుంది. పూర్వం సర్వీసు తన నంబరును ఒక చిన్న ఫైలులో రాసుకునేది. అది హాజరు పట్టీ వంటిది. సంతకం చేసి బయటికి పోయినవాడూ అందులో ఉన్నట్టే కనిపిస్తాడు. సర్వీసు హఠాత్తుగా ఆగిపోయినా ఆ ఫైలు మిగిలేది. అదే నంబరు తర్వాత మరో ప్రోగ్రాముకు దక్కితే, ఒకదాన్ని ఆపబోయి ఇంకొకదాన్ని ఆపే ప్రమాదం!

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ తెచ్చిన ‘సిస్టమ్‌డీ’ ఈ పద్ధతి మార్చింది. మన సీ-డాక్ వారి బాస్ లినక్స్‌కు మూలమైన డెబియన్ కూడా 2015లో దీన్ని స్వీకరించింది. నంబర్ 1 దీనిదే. సర్వీసులను తానే మొదలుపెడుతుంది కనుక ఏది ఆగినా దీనికి వెంటనే కబురందుతుంది. సర్వీసునూ, అది పుట్టించిన ప్రోగ్రాములనూ ‘సీగ్రూప్’ అనే ఒకే ఖాతాలో ఉంచుతుంది. ఏదీ లెక్క తప్పదు. పడిపోతే తిరిగి లేపమని ముందే రాసిపెట్టవచ్చు.

మరి నా పొరపాటేమిటి? ‘స్టార్ట్’ అంటే ఇప్పుడు మొదలుపెట్టమని. ‘ఎనేబుల్’ అంటే కంప్యూటర్ లేచినప్పుడల్లా మొదలుపెట్టమని. నేను మొదటిది చెప్పి రెండోది మరిచాను. రోజుకూలీకీ పర్మనెంటు ఉద్యోగికీ ఉన్నంత తేడా! ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’ అని సర్వీసు పేరు చేర్చి అడిగి ఉంటే, ఆగిపోయిన సంగతి ఒక్క క్షణంలో తెలిసేది. ‘జర్నల్‌సీటీఎల్’ అంటే దాని దినచర్య అంతా కనిపించేది.

అయితే సర్వీసు నడుస్తున్నంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు. బ్యాంకులో సాయంత్రం పుస్తకంలో నిల్వ చూసి తాళం వేయం, పెట్టెలో నగదు లెక్కపెడతాం. మిగ్ ఇంజన్లు చేసే మన సునాబెడ వాళ్ళకు ఇది వేరే చెప్పాలా? తిప్పి చూడనిదే ఇంజన్ గేటు దాటదు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఒక నకలు తెరిచి, రసీదులతో సరిచూసుకున్నాకే కాఫీ తాగుతున్నాను.